ముప్ఫై ఒక్క కాగితాలు

నాలుగు గంటలకు కమిటీ కూర్చుంటుంది. నాలుగూ పదికల్లా ఆ అమ్మాయి ఎనిమిదేళ్ళ చదువు కొట్టేస్తారు. నేను ఆర్కైవ్స్ భవనం మెట్లెక్కేసరికి రెండూ ఐదయింది.

ఆ అమ్మాయి బయట బెంచీ మీద కూర్చుని ఉంది. ఒళ్ళో తొమ్మిది నోటుబుక్కులు. ముప్ఫై మూడేళ్ళుంటాయి. చరిత్రలో డాక్టరేటు కోసం చదివేవాళ్ళందరికీ వచ్చే ఆ వంగిన భుజాలు ఈమెకి అప్పుడే వచ్చేశాయి. నన్ను పెట్టుకున్నది ఈమే. ప్రైవేటు డిటెక్టివ్‌ని పెట్టుకున్న మొదటి రీసెర్చ్ స్కాలర్ ఈమే అయి ఉంటుంది. సాధారణంగా మా దగ్గరికి వచ్చేది మొగుణ్ణి అనుమానించే పెళ్ళాలూ, భాగస్వామిని అనుమానించే వ్యాపారులూను.

కేసు చెప్పుకోవడానికి చిన్నదే. తొంభై ఏళ్ళ కిందట ఒక నూలు మిల్లు తగలబడి అరవై రెండు మంది ఆడకూలీలు లోపలే చనిపోయారు. తలుపులు తెరిచే ఉన్నాయని, తొక్కిసలాట వల్లే పోయారని పుస్తకాలన్నీ రాశాయి. ఆ పుస్తకాల్లో పెద్దది ఈ అమ్మాయి గైడ్ రాసింది. ఈమె నాలుగు వందల పద్దెనిమిదో నంబరు కట్టలో ముప్ఫై ఒక్క కాగితాలు కనిపెట్టింది. బతికి బయటపడినవాళ్ళ వాంగ్మూలాలు. తలుపుకి బయటినుంచి గొళ్ళెం పెట్టారని వాళ్ళు చెప్పారు. కాగితాలు ముట్టుకుంటే రాలేటట్టు ఉన్నాయి కాబట్టి ఫోటో తీయనివ్వరు. ఫోన్లు బయట అల్మారాలో పెట్టి పెన్సిలూ నోటుబుక్కూ మాత్రమే లోపలికి పట్టుకెళ్ళాలి. ఈమె పదకొండు నెలలు కూర్చుని అన్నీ చేత్తో రాసుకుంది.

పోయిన మంగళవారం గైడ్ స్వయంగా వచ్చి ఆ కట్ట తెప్పించి లెక్కపెట్టాడు. రెండు వందల పన్నెండు ఉండాల్సినవి నూట ఎనభై ఒకటే ఉన్నాయి. కట్ట తెప్పించుకోవడానికి రాసిచ్చే స్లిప్పుల్లో ఆఖరిది ఈమె పేరు మీద ఉంది. అయితే దొంగిలించింది, లేకపోతే అసలు లేనివాటిని పుట్టించింది. కమిటీకి రెండింట్లో ఏదైనా ఒకటే. ఈ రోజుతో ఆమె గడువు అయిపోతుంది. ఈ రోజు థీసిస్ పుచ్చుకోకపోతే రేపు ఆ కాగితాలు వాటంతటవే నడిచొచ్చినా ఎవరూ పుచ్చుకోరు.

"ఆ కాగితాల మీద రాసిన అధ్యాయం తీసేసి ఇచ్చెయ్యమన్నాడు కదా మీ గైడ్. తీసెయ్యకపోయారా?" అని అడిగాను.

"తీసేస్తే ఏం మిగులుతుంది సార్? ముందుమాట, కృతజ్ఞతలు."

మంగళవారం ఎప్పుడేం చేసిందో మళ్ళీ చెప్పించాను. పదిన్నరకి కట్ట తీసుకుంది. ఒంటిగంటకి ఐదు నిమిషాల ముందు తిరిగిచ్చింది. ఒంటిగంటనుంచి రెండుదాకా భోజనం కోసం గది మూసేస్తారు. తర్వాత లోపలికి రాలేదు. గడియారాలు చూసుకుంటూ బతికే మనిషి కాబట్టి తడుముకోలేదు.

"మా అమ్మ ఇదివరకు రోజూ అడిగేది, ఇంకెన్నాళ్ళే అని. ఈ మధ్య అడగడం మానేసింది. అడిగినప్పటికంటే ఇప్పుడే భయంగా ఉంది సార్," అంది.

కాగితాలతో నాలుగింటికల్లా కమిటీ గది దగ్గరికి వస్తానని, అవతలి భవనానికి వెళ్ళి అక్కడే కూర్చోమని చెప్పాను. అంత ధీమాగా మాటివ్వడం నా వృత్తిలో తప్పు. కానీ నాకు ఒళ్ళు మండిపోతోంది. పంతొమ్మిదేళ్ళ కిందట ఇదే మిల్లు మీద నేనూ ఆరేళ్ళు పని చేశాను. మిల్లు కాపలావాడి తాళాల పుస్తకంలోంచి పద్నాలుగు కాగితాలు నాకు దొరికాయి. ఏ తలుపు ఎప్పుడు వేశాడో, ఎప్పుడు తీశాడో వాడు రాసిపెట్టుకున్నవి. అవీ ఒక రోజు కట్టలోంచి మాయమైపోయాయి, ఆఖరి స్లిప్పు నాదే. నేను తీశానని ఎవరూ నిరూపించలేదు, తీయలేదని నేనూ నిరూపించలేకపోయాను. మా గైడ్ కింద ఇద్దరం ఉండేవాళ్ళం, ఖాళీగా ఉన్న లెక్చరర్ పోస్టు ఒకటే. అది మా హాస్టల్ గదిలోనే ఉండే రెండోవాడికి వెళ్ళింది. ఆ రెండోవాడే ఇప్పుడు ఈ అమ్మాయి గైడ్. అంచేత ఈ కేసులో దొంగ ఎవరో నాకు ముందే తెలుసు. కావలసిందల్లా రుజువు.

*

రీడింగ్ రూములో బల్లలు మారలేదు. మూల కుర్చీలో బాబాయ్ కూడా మారలేదు, జుట్టు తప్ప. రికార్డులు చూసే ఈ పెద్దాయన్ని తరాల తరబడి స్కాలర్లందరూ బాబాయ్ అనే పిలుస్తారు. నన్ను అందరూ దొంగని చూసినట్టు చూసిన ఆ ఆఖరి వారం నాకు టీ పోసిచ్చింది ఈయనొక్కడే. విచారణ కోసం ఈ రోజు గది మూసేశారు. ఆయన ఒక్కడే తన టిఫిన్ క్యారియరు గుడ్డలో చుట్టి, కొసలు రెండుసార్లు మెలిపెట్టి లోపలికి దోపి ముడి వేసుకుంటున్నాడు.

"సన్నబడ్డావు నాయనా," అన్నాడు నన్ను చూడగానే. పంతొమ్మిదేళ్ళ తర్వాత ఒక మనిషి నన్ను చూసి అన్న మొదటి మాట అది. కళ్ళు తుడుచుకున్నాను, చెప్పడానికి సిగ్గెందుకు.

అడగాల్సినవి అడిగాను. కట్టలన్నీ ఉండే స్ట్రాంగ్‌రూముకి తాళంచెవులు రెండు. ఒకటి డైరెక్టరు బీరువాలో లక్క ముద్ర వేసిన కవరులో ఉంది. ముద్ర చెక్కు చెదరలేదు, వచ్చేటప్పుడు చూసే వచ్చాను. రెండోది బాబాయ్ నడుముకి ఉంది. ముప్ఫై నాలుగేళ్ళలో అది తన నడుము దిగలేదని గర్వంగా చెప్పాడు. ఇంకో మూడు నెలల్లో రిటైరవుతున్నాడట. కూతురు రోజూ క్యారియరు పంపిస్తుందని, అల్లుడు బాగా పైకొచ్చినవాడని చెప్పి, ఆ మాట అక్కడితో ఆపేశాడు.

అమ్మాయి కట్ట తిరిగిచ్చినప్పుడు కాగితాలు లెక్కపెట్టారా అని అడిగాను.

"భోజనం వేళ కదా నాయనా. ఆ ఒక్క రోజూ లెక్కపెట్టలేదు."

పాపం అనుకున్నాను. అరవై దగ్గర పడ్డ మనిషి, ఆకలేసి ఉంటుంది. ఒంటిగంటా రెండూ మధ్య ఎక్కడున్నారంటే, ఇదే కుర్చీలో కూర్చుని తిన్నానన్నాడు. తిన్నాక ఓ కునుకు తీస్తారేమో బాబాయ్ అని నేనే అడిగాను. ఆయన కాసేపు టిఫిన్ గుడ్డ ముడికేసి చూశాడు.

"ఏమో నాయనా. వయసు కదా," అన్నాడు.

సాక్షి నోట్లో మాట నేనే పెట్టాను. కొత్తగా చేరిన కానిస్టేబులు కూడా చెయ్యని పని అది. కానీ ఆ సమయంలో నా బుర్ర ఎక్కడ పని చేస్తోందో చెప్పాను కదా.

స్ట్రాంగ్‌రూములో చెమ్మ కొలిచే యంత్రం ఒకటుంటుంది. గుండ్రంగా తిరిగే డబ్బాకి రోజూ ఒక గీతల కాగితం చుడతారు. ముల్లు దాని మీద పగలూ రాత్రీ సిరాతో గీత గీస్తూ ఉంటుంది. లోపల గాలి పొడిగా ఉంటుంది, బయటి గాలి చెమ్మగా ఉంటుంది. తలుపు తీసినప్పుడల్లా గీత లేచి, మూసేశాక దిగుతుంది. ఎవరో చదువుతారని తెలిసి రాసిన కాగితంలో అబద్ధానికి చోటుంటుందని, ఎవరి కోసమూ రాయని కాగితాన్నే ముందు నమ్మాలని మాకు మొదటి సంవత్సరంలోనే నేర్పుతారు. నా చదువంతటిలో నాకు ఇప్పటికీ అన్నం పెడుతున్న ముక్క అదొక్కటే. మంగళవారం కాగితం కావాలని అడిగితే బాబాయ్ తనే లేచి, ఫైలు వెతికి, దుమ్ము దులిపి నా చేతిలో పెట్టాడు.

గీత నాలుగుసార్లు లేచింది. పదిన్నర, కట్ట తీసుకొచ్చినప్పుడు. పన్నెండూ యాభై ఏడు, లోపల పెట్టినప్పుడు. మూడూ ముప్ఫై మూడు, గైడ్ తెప్పించినప్పుడు. ఈ మూడింటికీ స్లిప్పులున్నాయి. ఒంటిగంటా పద్నాలుగు నిమిషాలకి లేచి, ఇరవై ఆరుకి దిగిన ఇంకో గీత ఉంది. దానికి స్లిప్పు లేదు.

*

మా పాత స్నేహితుడు, అంటే ఆ అమ్మాయి గైడ్, మూడింటికి వచ్చాడు. హాస్టల్లో వీడికి ఫుట్‌నోట్ అని పేరు. టీ బాగుందని చెప్పినా దానికి ఇంకో రెండు ముక్కలు ఆధారం జోడించేవాడు. ఇప్పుడు విభాగానికి పెద్ద, విచారణకి కన్వీనరు. బయటివాణ్ణి స్ట్రాంగ్‌రూములోకి పంపాలంటే పక్కన ఒక ప్రొఫెసరు ఉండాలన్నది రూలు, అందుకే వచ్చాడు.

"ఏరా సీఐడీ, బాగా నడుస్తోందా? వాళ్ళ కిటికీల్లోకీ వీళ్ళ కిటికీల్లోకీ తొంగి చూడ్డం?"

"నడుస్తోంది. ఈ వారం నీ కిటికీలోకి."

నవ్వాడు. నా చేతిలో కాగితం చూపించి ఒంటిగంటా పద్నాలుగుకి ఎక్కడున్నావని అడిగాను. ఆ రోజు పన్నెండున్నరనుంచి మూడుదాకా ఇంకో కుర్రవాడి వైవా జరిపానని, నలభై మంది ఎదురుగా కూర్చున్నారని, వీడియో కూడా ఉందని చెప్పాడు. ఎప్పటిలాగే రెండు ముక్కలు ఎక్కువ ఆధారం. మారు తాళం చేయించి ఎవర్నో పంపి ఉంటావన్నాను. ఆ కాగితాలుంటే నీ పుస్తకం తూకానికి తప్ప పనికిరాదు కదా అని కూడా అన్నాను.

వాడి మొహంలో నవ్వు పోయింది.

"నా పుస్తకం పోతుందని నాకు తెలియదనుకున్నావా? సోమవారం రాత్రి ఆ పిల్ల అధ్యాయం చదివాక నాకు అన్నం దిగలేదు. మా ఆవిడ ఏమైందని అడిగితే చెప్పుకుని ఏడ్చినంత పని చేశాను. అయినా మర్నాడు వచ్చింది నా కళ్ళతో చూడ్డానికిరా, దాచడానికి కాదు. తీరా చూస్తే కాగితాలే లేవు. పంతొమ్మిదేళ్ళ కిందట నువ్వు చేసిన పనే ఇప్పుడు ఈ పిల్ల చేసింది. దొరకని ఆధారం మీద మేడ కట్టి, అడిగితే పోయిందనడం."

వాణ్ణి కొట్టాలనిపించింది. టైము చూసుకున్నాను. మూడూ పన్నెండు. రిపోర్టు పొద్దున్నే ఇచ్చేశానని, తను రాకపోయినా కమిటీ నడిచిపోతుందని, ఎంతసేపు కావాలంటే అంతసేపు వెతుక్కోమని వాడే అన్నాడు. తర్వాత మూల కుర్చీ వైపు తిరిగి చిటికె వేశాడు.

"ఏమయ్యా, తలుపు తియ్యి."

బాబాయ్ లేచి తలుపు తీసి, తలొంచుకుని పక్కకి తప్పుకున్నాడు. మనుషుల్ని అలా పిలిచేవాడంటే నాకు మొదటినుంచీ పడదు. వాడి ఖాతాలో అదీ రాసుకున్నాను.

*

లోపల పన్నెండు వరసల ఇనుప బీరువాలు. చక్రాల నిచ్చెన ఒకటి. తలుపు పక్కన యంత్రం, ముల్లు పైకి లేచి ఉంది.

కాగితాలు ఈ గది దాటలేదని నాకు గట్టి నమ్మకం. బయటికి వెళ్ళేటప్పుడు సంచీ వెతుకుతారు, మడత పెడితే ఆ కాగితం పొడైపోతుంది. కాల్చెయ్యొచ్చు కదా అంటే, మామూలు దొంగయితే కాల్చేసేవాడే. ఈ వృత్తిలో పుట్టి పెరిగినవాడికి పాత కాగితం కాల్చడానికి చెయ్యి రాదు. దాచడానికి వాడికి అంతకంటే మంచి ఉపాయం ఉంది. వేరే నంబరు కట్టలో పెట్టేస్తే చాలు. ఏడు వేల కట్టల్లో తప్పు చోట ఉన్న కాగితం లేనట్టే లెక్క.

"ఏడు వేలూ విప్పుతావా?" అని ఫుట్‌నోట్ ఆవలించాడు.

"ఒకటి విప్పితే చాలు."

ప్రతి కట్టకీ పైన అట్ట, దాని చుట్టూ తెల్ల నాడా. ఏళ్ళ తరబడి కదలకపోతే అట్ట దుమ్ము పట్టి నల్లబడుతుంది, నాడా కింద మాత్రం తెల్లగా చార ఉండిపోతుంది. విప్పి మళ్ళీ కట్టినప్పుడు నాడా సరిగ్గా ఆ చార మీదే పడడం జరగని పని. స్కాలర్లు ఎప్పుడూ అడిగే వరసలు వదిలేసి, ఎవరూ అడగని చివరి మూడు వరసల్లో టార్చి వేసుకుంటూ నడిచాను. పన్నెండో వరసలో, కింది అరలో, ఆరు వేల ఎనిమిది వందల డెబ్బై ఏడో నంబరు దగ్గర ఆగాను. తెల్ల చార ఒక చోట, నాడా దానికి వేలెడు ఇవతల. అట్ట మీద 'తోసిపుచ్చిన అర్జీలు' అని ఉంది. చదివినవాళ్ళు సంతకం పెట్టే కాగితం మీద ఒక్క సంతకం లేదు.

మూడూ ముప్ఫై ఒకటి. ముడి విప్పకుండా నాడాని పక్కకి జరిపి అట్ట తీశాను.

పైనే ఉన్నాయి. లెక్కపెట్టాను, ముప్ఫై ఒకటి. మొదటి కాగితం అంచులు ముట్టుకోకుండా అరచేతుల మీదికి తీసుకుని వాడికి అందించాను. వాడు నిలబడే చదివాడు. నేను వాడి మొహాన్నే చూస్తున్నాను, దొరికిపోయిన దొంగ మొహం ఎలా ఉంటుందో పంతొమ్మిదేళ్ళుగా చూడాలనుకున్నాను కాబట్టి. కానీ వాడి మొహం అలా లేదు. మొదటిసారి చదువుతున్నవాడిలా ఉంది. పెదాలు కదులుతున్నాయి.

"గొళ్ళెం బయటినుంచే పెట్టారు," అన్నాడు ఎవరితోనూ కాకుండా.

అప్పుడు కట్టలోకి మళ్ళీ చూశాను. ముప్ఫై ఒకటి తీసేశాక, కింద అర్జీలు మొదలయ్యేలోపు ఇంకొన్ని కాగితాలున్నాయి. వేరే చేతిరాత. కుడివైపు మూల పురుగు తిన్న రంధ్రం పద్నాలుగు కాగితాల గుండా ఒకే చోట పోయింది. ఆ రంధ్రం నాకు మా అమ్మ మొహమంత బాగా తెలుసు. ఆరేళ్ళు దాన్ని చూసుకుంటూ బతికాను. నేల మీద కూర్చుండిపోయాను.

వాడూ చూశాడు.

"నువ్వు దొంగవని నేను నిజంగానే నమ్మానురా," అన్నాడు. "పోస్టు కోసం అనలేదు. నమ్మే అన్నాను."

"నువ్వు కాకపోతే ఎవరు?"

వాడు వంగి నాడా ముడి పట్టుకున్నాడు. రెండుసార్లు మెలిపెట్టి, కొస లోపలికి దోపిన ముడి. దాన్ని వేలితో నిమురుతూ ఉండిపోయాడు.

"రికార్డులాయన కట్టిన ముడే అది. అన్ని కట్టలూ ఆయనే కడతాడు, దాంట్లో ఏముంది?" అన్నాను. ఆ మాట నోరు దాటుతుండగానే ఆయన చెప్పినవి గుర్తొచ్చాయి. నడుము దిగని తాళంచెవి. లెక్కపెట్టని ఒక్క రోజు.

"మా ఆవిడ నా టిఫిను రోజూ ఇలాగే కడుతుంది," అన్నాడు వాడు. "వాళ్ళ నాన్న నేర్పాడు. ఆయన నా మామగారు."

పెళ్ళికి నన్ను పిలవలేదు, పిలిచినా వెళ్ళేవాణ్ణి కాదు. వాడు నేల చూపులు చూస్తూ మిగతాది చెప్పాడు. పోస్టు వచ్చిన ఆర్నెల్లకి పెళ్ళయిందట. ఉద్యోగం లేనివాడికి పిల్లనివ్వనని ఆయన అంతకుముందే అన్నాడట. పెళ్ళయ్యాక, ప్రొఫెసరు మామగారు రికార్డులు మోసేవాడని నలుగురూ అనుకోకుండా, ఈ భవనంలో చుట్టరికం ఎత్తవద్దని వీడే షరతు పెట్టాడట. ఇన్నేళ్ళూ ఆయన ఇచ్చిన మాట తప్పలేదు. ఏమయ్యా అంటే లేచి తలుపు తీశాడు. సోమవారం రాత్రి వీడు ఏడ్చిన సంగతి కూతురు ఫోన్లో తండ్రికి చెప్పుకుంది. మంగళవారం ఒంటిగంటా పద్నాలుగుకి ఆయన అన్నం మధ్యలో లేచాడు.

పంతొమ్మిదేళ్ళు నేను తప్పు మనిషిని ద్వేషించాను. నా ఆరేళ్ళూ తిన్న మనిషి చేతి టీ తాగి కళ్ళు తుడుచుకున్నాను. చరిత్ర చదివినవాడు చెయ్యకూడని తప్పు అదే. ముందు నిర్ణయానికి వచ్చి, ఆ తర్వాత ఆధారాలు చదవడం.

మూడూ నలభై ఒకటి. మిగతా కాగితాలన్నీ అట్టలో సర్దుకుని లేచాను. అవతలి భవనానికి ఏడు నిమిషాల నడక. మూడడుగులు వేశానో లేదో తలుపు మూసుకుంది. తాళంచెవి తిరిగిన చప్పుడు లోపలికి స్పష్టంగా వినబడింది. లోపలివైపు గడియ లేదు, పిడి లేదు. మా ఫోన్లు రెండూ బయట అల్మారాలో ఉన్నాయి.

తలుపులో తలెత్తున గాలికోసం చిన్న ఇనుప జాలీ ఉంది. అందులోంచి ఆయన గొంతు మామూలుగానే వచ్చింది.

"అల్లుడుగారూ, మీకేం ఇబ్బంది ఉండదు. లోపల గాలి ఆరబెట్టే మిషను తిరుగుతూనే ఉంటుంది, ఉక్క పొయ్యదు. నాలుగున్నరకి తీస్తాను. నా సంగతి తర్వాత ఏమైనా చెయ్యండి."

తలుపు బాదాను. ఆ అమ్మాయి అక్కడ ఒక్కతే కూర్చుని ఉందని, ఈ రోజు పోతే ఆమెకి ఇంకేమీ మిగలదని అరిచాను.

"ఒక్క కాగితం కూడా కాల్చలేదు నాయనా. అది మాత్రం చెయ్యలేకపోయాను," అన్నాడు. అడుగులు రెండు దూరం వెళ్ళి ఆగాయి. "అంచులు పట్టుకోకు. విరుగుతాయి."

ఫుట్‌నోట్ వైపు తిరిగాను. మొదటి వాంగ్మూలం ఇంకా వాడి చేతిలోనే ఉంది.

"ఈ భవనంలో నువ్వు ఆయన్ని ఒక్కసారి కూడా మామగారూ అని పిలవలేదు. ఇప్పుడు పిలువు. ఒక్క పిలుపు చాలు, తీస్తాడు."

వాడు జాలీ దగ్గరికి నడిచాడు. నోరు తెరిచాడు. చేతిలో కాగితం వైపు చూశాడు, తర్వాత గడియారం చూసుకున్నాడు. మూడూ నలభై ఆరు. పక్కన యంత్రంలో ముల్లు కిందికి దిగి మళ్ళీ తిన్నగా గీత గీసుకుపోతోంది. వాడు వెనక్కి వచ్చి, కాగితం జాగ్రత్తగా అర మీద పెట్టి, నిచ్చెన మెట్టు మీద కూర్చున్నాడు. పిలవలేదు.